పెదవులకు పట్టని ‘కాదు’

ఫిల్మ్ నగర్‌లో ఇల్లు తీసుకున్నామని చెప్పినప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ నవ్వారు. సినిమావాళ్ళ మధ్య నీకేం పని అన్నారు. పనేం లేదు. మా ఆయన ఆఫీసు జూబ్లీ హిల్స్‌లో ఉందని వచ్చాం. వచ్చిన కొన్నాళ్ళకే ఆ ఆఫీసు గచ్చిబౌలికి వెళ్ళిపోయింది, మేం మాత్రం ఇక్కడే ఉండిపోయాం. సామాన్లు మళ్ళీ కట్టే ఓపిక ఎవరికుంది?

నేను చదివేదీ చెప్పేదీ భౌతికశాస్త్ర చరిత్ర, దాని వెనక ఉన్న తత్వం. ఈ మాట అపార్ట్‌మెంట్‌లో ఎవరికి చెప్పినా రెండు ప్రశ్నల్లో ఒకటి వచ్చేది. ఫిజిక్స్ అనే ముక్క పట్టుకున్నవాళ్ళు మా పిల్లాడికి ట్యూషన్ చెప్తారా అనేవారు. ఫిలాసఫీ అనే ముక్క పట్టుకున్నవాళ్ళు జాతకం చూస్తారా అనేవారు. పై అంతస్తులో ఒక కో-డైరెక్టర్ ఉండేవాడు. లిఫ్టులో దొరికితే చాలు, టైమ్ ట్రావెల్ కథ మొదలుపెట్టేవాడు. “హీరో గతంలోకి వెళ్ళి వాళ్ళ నాన్నని చంపేస్తే లాజిక్ పడుతుందంటారా మేడం?” అని అడిగాడు ఒకసారి. నాన్నని ఎందుకు చంపాలో ముందు అది తేల్చుకోండి, లాజిక్ సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళు మెట్లు ఎక్కి వెళ్ళాడు పాపం.

కాబట్టి, సైన్స్ మీద తీసిన ఒక ఇంగ్లిష్ సీరీస్‌ని తెలుగులోకి డబ్ చేస్తున్నాం, సలహాదారుగా ఉండాలి అని ఫోన్ వచ్చినప్పుడు నోటి చివరి దాకా ‘వద్దు’ వచ్చింది. ఆపుకున్నాను. అందులో ఒక ఎపిసోడ్ మొత్తం మా గురువుగారిది.

ఆవిడ విదేశంలో నాకు పీహెచ్‌డీ చేయించిన మనిషి. పొట్టిగా, తెల్లటి జుట్టుతో, ఎప్పుడు చూసినా ఒకే నీలం స్వెటర్‌లో ఉండేది. ఎవరు ఎంత గొప్ప వాక్యం చదివినా తల ఎత్తకుండా “కాదు” అనేది ఇంగ్లిష్‌లో. ఎందుకు కాదో తర్వాత చెప్పేది, ముందు మాత్రం కాదు. మొదటి ఏడాది ఆ మాటకి నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చిన రోజులున్నాయి. తర్వాత అర్థమైంది, ఆ ‘కాదు’ దాటి బయటపడ్డ వాక్యం ఎక్కడ నిలబెట్టినా నిలబడుతుందని. ఆవిడంటే నాకు భయం, గౌరవం, ప్రేమ, ఈ మూడూ విడదీసి చెప్పమంటే నా వల్ల కాదు.

ఆ ఇంటర్వ్యూ ఇచ్చిన కొన్నాళ్ళకి ఆవిడకి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఎదుటివాళ్ళ మాట అర్థమవుతుంది, తన మాట రాదు. తెలుగు డబ్బింగ్‌కి అనుమతి అడిగితే ఆవిడ కూతురు నాకు ఫోన్ చేసి ఒకే షరతు పెట్టింది. అమ్మ అనని మాట అమ్మ నోట్లో పెట్టకూడదు. నువ్వు హామీ ఇస్తేనే సరే అంటాను, ఎందుకంటే అమ్మ ఇక లేచి ఇది నేనన్నది కాదు అని చెప్పుకునే స్థితిలో లేదు. నేను మాటిచ్చాను.

ఆవిడ జీవితమంతా కొట్లాడింది ఒక్క విషయం మీద. పరమాణువుల లోకంలో కొలిచేదాకా ఏ సంగతీ తేలదని పుస్తకాలు చెబుతాయి. సరే, కొలవడమంటే ఏమిటి అన్న దగ్గర గొడవ. మనిషి చూడాలి, మనసుకి తెలియాలి, అప్పుడే లోకం ఒక రూపానికి వస్తుందని ఒక వాదం ఉంది. వినడానికి కమ్మగా ఉంటుంది, అందుకే ఊరూరా పాకింది. మా గురువుగారు దానికి బద్ధ విరోధి. ఆ ఎపిసోడ్ చివర్లో, తెర నిండా ముఖం కనిపిస్తుండగా, తన వాదమంతా ఒక్క వాక్యంలో చెప్పింది. “మెజర్‌మెంట్ నీడ్స్ ఎ మార్క్, నాట్ ఎ మైండ్.” నేను సరిచూసి పంపిన తెలుగు ఇది: కొలతకు కావలసింది గుర్తు, మనసు కాదు.

డబ్బింగ్ ఆఖరి రోజు, మర్యాదకి ఇంకోసారి కనిపించి వద్దామని వెళ్ళాను. థియేటర్ మా ఇంటికి నడిచే దూరమే. థియేటరంటే సినిమా హాలు అనుకునేరు, ఒక పాత బంగళాలో కింది అంతస్తు. చెప్పులు బయట విప్పాలి. లోపల ఏసీకి పళ్ళు టకటకలాడతాయి. అద్దం అవతల బూత్‌లో మైకు, ఇవతల మిషన్ల ముందు రికార్డింగ్ ఇంజనీరు. రహమత్ నగర్ నుంచి వస్తాడు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు.

“రాండ్రి మేడం, కూసోండ్రి. మీ టీచరమ్మది నిన్ననే అయిపోయింది. ఇయ్యాల చిన్న చిన్న ప్యాచులు, అతుకులేసుడు, గంతే.”

పక్కన సోఫాలో తెలుగు మాటలు రాసే రచయిత ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి. డబ్బింగ్ సినిమాలకి చాలా కాలంగా రాస్తున్నాడు, డబ్బింగ్‌ని దగ్గరుండి నడిపించేది కూడా ఆయనే. అద్దం అవతల మా గురువుగారికి గొంతు ఇస్తున్నావిడ. విజయవాడ నుంచి చిన్నప్పుడే వచ్చి ఈ పనిలో పడ్డారట. “హీరోయిన్లకి చెప్పానండీ, తర్వాత అమ్మలకి చెప్పాను, ఇప్పుడు అమ్మమ్మలకి చెబుతున్నాను” అని నాతో పరిచయం చేసుకున్నారు మొదటిరోజు.

నిన్న చేసింది ఒకసారి వినిపించమన్నాను. ఇంజనీరు వేశాడు. మా గురువుగారు తెలుగులో మాట్లాడుతోంది! అదే చిరాకు, అదే తొందర, వాక్యం మధ్యలో ఆ చిన్న దగ్గు కూడా. నా కళ్ళు చెమర్చాయి. మా క్లాసులో తెలుగు మీడియం నుంచి వచ్చే పిల్లలు గుర్తొచ్చారు. ఇంగ్లిష్ పుస్తకం ముందు తల వంచుకుని కూర్చునే ఆ పిల్లలకి ఈవిడ నేరుగా, వాళ్ళ భాషలో చెబుతుంది కదా అని పొంగిపోయాను. అంతలో చివరి వాక్యం వచ్చింది.

“కొలతకు కావలసింది మనిషి... ఓ మనసు.”

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. మళ్ళీ వెయ్యమన్నాను. మళ్ళీ అదే. తెర మీద మా గురువుగారు, ఎవరినైతే జన్మంతా ఖండించిందో వాళ్ళ మాటని, చక్కగా పెదవులు కదిపి చెప్పింది.

“లిప్ చూశారా అండీ?” అన్నాడు రచయిత ముందుకి వంగి. “పెదవులకి మాట బొట్టు పెట్టినట్టు పడింది. నిన్న ఇక్కడ అందరం చప్పట్లు కొట్టాం.”

కోపం వస్తే నాకు క్లాసురూమ్ తెలుగు పోయి మా వరంగల్ తెలుగు వస్తుంది. “ఎవలు రాసిన్రు సార్ ఇది?” అన్నాను.

“మీరిచ్చిన లైనేనండీ. బూత్‌లో చిన్న అడ్జస్ట్‌మెంట్, అంతే.”

“నేనిచ్చిన లైన్ల ‘కాదు’ ఉండె. అది ఏడ వోయింది?”

“కాదు పట్టలేదండీ” అన్నాడు ఆయన, చొక్కా పట్టలేదని చెప్పినంత మామూలుగా.

తర్వాత ఓపిగ్గానే వివరించాడు. ఆవిడ మెజర్‌మెంట్ అన్నప్పుడు కెమెరా చేతుల మీద ఉంది, అక్కడ కొలత అన్నా మరొకటన్నా ఇబ్బంది లేదు. మార్క్ దగ్గర ముఖం తెర నిండా వస్తుంది. మార్క్ అనాలంటే పెదవులు కలవాలి, మైండ్ అనాలన్నా కలవాలి. తెలుగులో ఆ రెండు చోట్లా మ గానీ ప గానీ బ గానీ పడాలి. ‘గుర్తు’ అంటే పెదవులు కలవవు, నోరొకటి మాటొకటి అవుతుంది. ఇక మైండ్ అనగానే ఆవిడ నోరు గట్టిగా మూసేసి కెమెరాకేసి చూస్తుంది. ‘మనసు కాదు’ అని పెడితే, మనసు దగ్గరే నోరు మూతపడుతుంది.

“మూసిన నోట్లోంచి ‘కాదు’ వినబడుతుందండీ. దెయ్యం సినిమా అయిపోతుంది.”

“అందుకని కోసేసిన్రు.”

“కోసేశాం. తర్వాత ‘మనసు’ ఒక్కటే ఒంటరిగా ఉంటే బాగోలేదని ముందు ‘మనిషి’ వేశాను. మ, మ. ఎంత అందంగా కుదిరిందో వినండి.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఇంగ్లిష్‌లో ‘కాదు’ ముందే వచ్చేస్తుంది. మన భాషలో వాక్యమంతా నడిచి నడిచి ఆఖరున వస్తుంది, అప్పటిదాకా అవునో కాదో తేలదు. అక్కడ ఆవిడ నోరు మూసుకున్నాక మిగిలిన చోటులో మన ‘కాదు’ ఇరుక్కుని చచ్చింది. కావాలని ఎవరూ చెయ్యలేదు. ఒక్కరి మీద కూడా నింద వెయ్యడానికి లేదు, అదే నాకు మరీ ఒళ్ళు మండించింది.

“ఆమెకు మాట పోయింది సార్” అన్నాను. “పక్షవాతమొచ్చి మంచం మీద ఉన్నది. ఇది నేననలే అని ఎవ్వలకూ చెప్పుకోలేదు. జన్మంత ఆమె అన్నది ఒక్కటే మాట, కాదు అని. ఆ ఒక్క మాటనే మీరు కోసి పారేస్తే ఎట్ల?”

నేను గమనించలేదు గానీ, బూత్‌లోకి వినబడే మైకు తెరిచే ఉంది. అద్దం అవతల ఆవిడ హెడ్‌ఫోన్ తీసి నిలబడి ఉన్నారు. “ఆవిడకి మాట లేదా అండీ?” అన్నారు. “ఎవరూ చెప్పలేదే నాకు.”

రచయిత సోఫాలో నావైపు జరిగాడు. మంచివాడే, కాకపోతే రాసిన లైను మీద మమకారం ఉంది. “మేడం, నేను మీకు శత్రువుని కాదండీ. కానీ మనసు అంటే అంత తప్పేముంది? మన పెద్దవాళ్ళు చెప్పిందీ అదేగా.”

పెద్దవాళ్ళు చెప్పింది ఏమిటో ఇంకోరోజు మాట్లాడుకుందాం అని, ఆయనకి మా రంగంలో పాత కథ ఒకటి చెప్పాను. ఒక శాస్త్రవేత్త ఒక ఖనిజపు ముక్కని ఎండలో పెట్టి, దాని ప్రభావం నల్ల కాగితంలో చుట్టిన ఫోటో ప్లేటు మీద పడుతుందా అని చూద్దామనుకున్నాడు. ఆకాశం మబ్బుపట్టి ఎండే రాలేదు. విసుగొచ్చి ప్లేటునీ ఖనిజాన్నీ కలిపి సొరుగులో పడేశాడు. కొన్నాళ్ళకి ప్లేటు తీసి కడిగితే, ఎండ తగలకుండానే ఖనిజం గుర్తు దాని మీద నల్లగా పడి ఉంది. “చీకట్ల, మూసిన సొరుగుల పడ్డది సార్. ఎవని మనసు చూసిందప్పుడు?”

“ఆ తర్వాత తీసి చూశాడుగా అండీ?”

అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. మా రంగంలో హేమాహేమీలు వేసిన ప్రశ్న అది. “చూసినప్పుడు తెలిసింది. పడింది ముందే” అన్నాను.

ఆయన తల గీరుకుని నిర్మాతకి ఫోన్ చేసి, స్పీకర్ మీద పెట్టాడు. విషయం చెప్పాడు, నిజాయితీగానే చెప్పాడు. అటు నుంచి నిర్మాత గొంతు మెత్తగా వచ్చింది. “అమ్మా, ప్రోమోలో కూడా ఆ లైనే పెట్టాం. మనసు అనే మాటే కదమ్మా జనానికి ఎక్కేది. ఎవరికి తెలుస్తుంది చెప్పండి?”

“నాకు తెలుస్తది. నేను వాళ్ళ బిడ్డకు మాటిచ్చిన” అన్నాను.

సాయంత్రానికి ఫైలు వెళ్ళిపోవాలన్నాడు. లిప్‌కి పడే వాక్యం ఉంటే మార్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పడకపోతే ఉన్నదే వెళ్తుంది. అదీ వద్దంటే తెలుగులో ఆ ఎపిసోడే ఎత్తేస్తాం, మీ ఇష్టం. ఫోన్ పెట్టేశాడు.

మీ ఇష్టమట! మింగలేను, కక్కలేను. ఆవిడ కూతురికి ఒక్క ఫోన్ చేసి అనుమతి వెనక్కి తీసుకోమంటే అబద్ధం ఆగిపోతుంది, కానీ తెలుగులో ఆవిడే ఉండదు. ఇంత బతుకు బతికి, ఇంత ఆలోచించి, నా భాషలో ఆవిడ అసలు లేనట్టే. ఊరుకుంటే ఉంటుంది, అబద్ధమాడుతూ. పైగా గొంతు ఇచ్చే ఆవిడకి మధ్యాహ్నం ఒక సీరియల్ షిఫ్ట్ ఉంది, బంజారా హిల్స్‌లో ఇంకో థియేటర్. ఆవిడ వెళ్ళిపోతే ఇక మాట దొరికినా చెప్పే నోరు లేదు. ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

“ఆ బిట్టు లూపుల ఏస్తా మేడం. చూస్తుంటే ఏదన్న తడుతది” అన్నాడు ఇంజనీరు.

లూపంటే ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పడం. మాట వెతుక్కోవడానికి శబ్దం తీసేశాడు. తెర నిండా మా గురువుగారి ముఖం. పెదవులు కలుస్తాయి, విడిపోతాయి, మళ్ళీ కలుస్తాయి, నోరు మూతపడుతుంది. ఒక్క శబ్దం రాదు. ఇప్పుడు వాళ్ళింట్లో ఆవిడ అచ్చం ఇలాగే ఉండి ఉంటుంది. తల తిప్పుకుందామనుకున్నాను. తిప్పుకుంటే మాట ఎవరు వెతుకుతారు?

రచయిత లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. పెదవులు ఆడిస్తూ గొణుక్కున్నాడు. పంతం పక్కనపెట్టి పనిలో దిగాడని అర్థమైంది. “మేడం, వెనకాముందూ మారిస్తే? ఆవిడ మార్క్ అన్నచోట మనం ‘మనసు’ అనేద్దాం. అప్పుడు ఆవిడ నాట్ అన్నచోట మన ‘కాదు’ సుఖంగా పడుతుంది. ఇక చివర్న, మైండ్ దగ్గర, గుర్తు అనే అర్థం వచ్చే మాట కావాలి. మ తోనే మొదలవ్వాలి.”

నా ప్రాణం లేచొచ్చింది. ‘కాదు’కి చోటు దొరికింది. ఇంక ఒక్క మాట.

“ముద్ర!” అన్నాడు వెంటనే. “మనసు కాదు, ముద్ర. అబ్బ!”

“వద్దు” అన్నాను.

“ఏంటండీ వద్దు? ఎంత బాగుందో!”

“ముద్ర అంటే వేసేటోడుండాలె కద సార్. ఎవడు ఏసిండు అని మళ్ళ అడుగుతరు. మనిషిని ముందు తలుపు నుంచి పంపించి ఎనక తలుపు నుంచి పిలిచినట్టే.”

“మచ్చ?”

“మచ్చ పుట్టుకతోనూ వస్తది. మనకు కావాల్సింది బయట నుంచి పడేది.”

“మరి మీరే చెప్పండి!” అని సోఫాలో కూలబడ్డాడు. ఆయన విసుక్కోవడంలో న్యాయం ఉంది. మా గురువుగారి దగ్గర నేర్చుకున్న రోగం ఇది, వదలదు. ఎవరేమన్నా ముందు కాదనడమే.

“మేడం, మీరిద్దరు గిట్లనే కొట్లాడుకుంటే మనకు రాత్రికి టోలిచౌకి బిర్యానీ చెప్పాల్సొస్తది” అన్నాడు ఇంజనీరు. గడియారం చూడకూడదనుకుంటూనే చూశాను. అద్దం అవతల ఆవిడ ఫోన్ వెలిగి ఆరిపోయింది. సీరియల్ వాళ్ళు.

ఆవిడ బూత్ తలుపు తెరుచుకుని బయటికి వచ్చారు. వెళ్ళిపోతారేమో అనుకున్నాను. ఆవిడ వచ్చింది ఫ్లాస్కు కోసం. గొంతు కోసం మిరియాల కషాయం పెట్టుకుంటారు. మూతలో పోసుకుని, నిలబడే రెండు గుక్కలు తాగి, కుచ్చిళ్ళు సర్దుకోబోయి ఆగిపోయారు.

“అయ్యో రామా, కొత్త చీరండీ ఇది! మరక పడింది. ఎప్పుడు పడిందో ఏంటో, నేను చూసుకోనే లేదు.”

“ఏమన్నరు?” అన్నాను నేను.

“కషాయం మరకండీ. పొద్దున పడినట్టుంది, ఎండిపోయింది కూడా.”

“మరక!” అని అరిచాను. నిజంగానే అరిచాను, ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు.

“పోతుందిలెండి మేడం గారు, సర్ఫులో నానబెడతాను” అన్నారు ఆవిడ కంగారుగా.

“చీర కాదమ్మా, మాట! మనసు కాదు, మరక!”

ఎవరూ వెయ్యక్కర్లేదు. పడుతున్నప్పుడు ఎవరూ చూడక్కర్లేదు. చూసేసరికి ఎప్పుడో పడిపోయి ఉంటుంది. తెలుగు వ్యాసాల్లో నేను ‘గుర్తు’ అని రాస్తూ వచ్చాను, గుర్తంటేనే సగం మనసు. గుర్తుంది, గుర్తొచ్చింది, గుర్తుపట్టారా అంటాం. ఆ మాట ఎంచుకున్నది నేనే. మరకకి ఆ పితలాటకం లేదు.

రచయిత మొహం చిట్లించాడు. “పెద్దావిడ నోట మరక ఏంటండీ, అపశకునంలా?” అంటూనే తెరకేసి చూస్తూ పెదవులు కదిపాడు. మనసు, పెదవులు కలిశాయి. కాదు, విడిపోయాయి. మరక, మళ్ళీ కలిశాయి, విడివడ్డాయి, మూతపడ్డాయి. ఇంకోసారి అనుకున్నాడు. నుదురు సాఫయింది. “పడుతోందండీ” అన్నాడు మెల్లిగా. “అబ్బో, దీని దుంపతెగ, పడుతోంది!”

ఆవిడ చేతిలో ఫోన్ మళ్ళీ వెలిగింది. దాన్ని తిరగేసి బల్ల మీద బోర్లా పెట్టి బూత్‌లోకి వెళ్ళారు. మైకుకి దండం పెట్టుకుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. మొదటిసారి చాలా దిగులుగా చెప్పారు. గురువుగారి సంగతి తెలిసింది కదా, గొంతులో ఆ బాధ వచ్చేసింది.

“అక్కా, లిప్ ఓకే. గని జర ఏడుస్తున్నట్టున్నది” అన్నాడు ఇంజనీరు.

ఆవిడ అద్దంలోంచి నన్ను చూశారు. “ఆవిడ ‘కాదు’ ఎలా అంటారు మేడం? బతిమాలినట్టా, తిట్టినట్టా?”

“రెండూ కాదు. పాలాయన నీళ్ళు కలిపి తెస్తే అంటం చూడండి, ఇది పాలు కాదు, నీళ్ళు అని? గట్ల. ఆమెకు అందుల బాధేం లేదు. సంగతి చెప్తుంది, గంతే.”

ఆవిడ తల ఊపారు. తెర మీద ముఖం వచ్చింది.

“కొలతకు కావలసింది మనసు కాదు, మరక.”

‘కాదు’ గోడకి కొట్టిన మేకులా దిగింది. ముప్పై ఏళ్ళ వయసులో నన్ను బాత్రూంలో ఏడిపించిన ‘కాదు’ అది. ఇంజనీరు ఓకే అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు, తన కోసం ఇంకొకటి కావాలన్నారు, అదింకా బాగా వచ్చింది. సీరియల్‌కి ఆలస్యమైపోయింది. చెప్పులు వేసుకుంటూ నాతో అన్నారు, “ఆవిడకి వినిపిస్తారు కదమ్మా? నా పేరు అక్కర్లేదు, వినిపించండి చాలు.”

ఎపిసోడ్ వచ్చిన తర్వాత ఒక సాయంత్రం గురువుగారి కూతురు వీడియో కాల్ చేసింది. వాళ్ళకి అప్పుడు మధ్యాహ్నం. మా గురువుగారు కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ముఖంలో ఒక పక్క కిందికి జారింది, నీలం స్వెటర్ లేదు. నాకు ఆవిడ కళ్ళలోకి చూడాలంటే మళ్ళీ విద్యార్థినిగా ఉన్నప్పటి భయమే. కూతురు ముందుగానే హెచ్చరించింది. అమ్మకి ఈమధ్య ఒక్క మాట తిరిగొచ్చింది, ‘నో’ అని. టీ కావాలన్నా నో, వద్దన్నా నో, మేమంటే ఇష్టమా అంటే నో. గొంతు పైకి లేస్తే ఒక అర్థం, కిందికి దిగితే ఒక అర్థం, మేమూ ఊహించుకోవడమే తప్ప ఖాయంగా తెలియదు అంది.

వాళ్ళ వైపు తెర మీద ఆ ముక్క వేశారు. తన ముఖం, తనకి తెలియని భాష. ఆవిడ ముందుకి వంగి చివరిదాకా చూసింది. అయిపోయింది.

“నో” అంది.

కూతురి వైపు చూశాను. ఈ నో ఏదో నాకూ తెలియడం లేదు అని చేతులు తిప్పింది. తప్పు పట్టిందా? మెచ్చుకుందా? అలసిపోయిందా? ఇంత కొట్లాడి తెచ్చిన వాక్యాన్ని ఆవిడ ఒక్క మాటతో కొట్టేసిందేమో. అయినా విద్యార్థిని కదా, అప్పజెప్పాలి. ఒక్కో మాటా ఇంగ్లిష్‌లో విడమరిచి చెప్పాను. ఇదిగో ఇది మనసు. ఇది మరక, అంటే బట్టల మీద పడేది, ఎవరూ చూడకుండా పడేది. ఆవిడ మంచివైపు పెదవి కొంచెం పైకి లేచింది, నవ్వే. ఈ రెండిటి మధ్య ఉన్న మాట చాలా ముఖ్యం అన్నాను. మా భాషలో అది మీ నోట్లో పట్టలేదు, ముందు కోసేశారు, మళ్ళీ తెచ్చి పెట్టాం. మీరు రోజూ అనే మాటే అది. మేం ‘కాదు’ అంటాం.

ఆవిడ బాగున్న చెయ్యి ఎత్తి వేలు తిప్పింది, మళ్ళీ అని. వాళ్ళు మళ్ళీ వేశారు. ఈసారి తెర మీది ముఖం మాట్లాడుతుంటే కుర్చీలోని ముఖం కూడా కదిలింది. వాక్యం అయిపోయింది, తెర మీది నోరు మూతపడింది. కుర్చీలో ఆవిడ నోరు మూతపడలేదు.

“కా” అంది. ఆగింది. నుదుటి మీద నరం ఉబ్బింది. “కా...దు.”

కూతురి చేతిలోంచి ఫోన్ కింద పడింది. నాకు కాసేపు వాళ్ళ ఇంటి పైకప్పు మాత్రమే కనిపించింది. కూతురు ఏడుస్తూ లోపల ఎవరినో కేక వేసి పిలుస్తోంది, అమ్మకి ఇప్పుడు రెండు మాటలున్నాయి, రెండు మాటలు అని.